ఇనప ఇరుసు బండి మీద నా పరాక్రమం

పెళ్లి చెడిపోవడానికి లోకంలో కారణాలకు కొదవలేదు. జాతకాలు కుదరవు, పెద్దవాళ్లకు మాటా మాటా పెరుగుతుంది, పిల్లకు పిల్లవాడి ముక్కు నచ్చదు. నా పెళ్లి మాత్రం నేను బండిలో లేచి నిలబడినందుకు చెడబోయింది. అప్పుడే నవ్వకండి. నవ్వు కొంచెం దాచి పెట్టుకోండి, ముందు ముందు చాలా కావలసి వస్తుంది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. కోయంబత్తూరుకు తూర్పున, సూలూరు దాటాక మా ఊరు. కుంపిణీ దొరల ఏలుబడి నడుస్తున్న రోజులు. మా తాతముత్తాతలు ఎప్పుడో తెలుగు దేశం వదిలి వచ్చి ఆ నల్లరేగడిలో స్థిరపడ్డారు. అందుకని మాకు ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ. నేల పత్తికి మంచిది. నీళ్లు మాత్రం పాతాళంలో ఉంటాయి. ఎద్దులను కట్టి కపిలతో తోడితే తప్ప చుక్క పైకి రాదు. మాకు అలాంటి కపిల బావులు నాలుగు ఉండేవి. ఆ బావుల దగ్గరికి నేను మజ్జిగ తాగడానికి మాత్రమే వెళ్లేవాణ్ని. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఏటా పత్తి ఏరడం అయ్యాక మా ఊళ్లో బండి పందెం జరిగేది. తేలికపాటి రెండు చక్రాల బండి, రెండు ఎద్దులు, ఒక మనిషి. ఊరి పొలిమేర గీత దగ్గర బయలుదేరి, మైలు దూరంలో ఉన్న ఎల్ల రాయిని చుట్టి మళ్లీ గీత దగ్గరికి రావాలి. అంతకు ముందు ఏడు నేను ఆఖరున వచ్చాను. ఆఖరున అంటే జనం ఇళ్లకు వెళ్లి భోంచేసి, చేతులు కడుక్కున్నాక వచ్చాను.

"బండి సరిలేదు మారప్పా" అన్నాను మా పశువులు చూసే ముసలాయనతో.

"బండికేమి సామీ, బాగానే ఉండాది. పగ్గం పట్టుకోని మీరు ఏం చెప్తా ఉండారో ఎద్దుకి తెలీలే. పాపం, అది కూడా ఎంతసేపని ఆలోచిస్తాది?"

మారప్ప నన్ను ఎత్తుకుని పెంచినవాడు కాబట్టి ఊరుకున్నాను.

అసలు చిక్కు మా మామతో వచ్చింది. అమ్మ తమ్ముడు రంగసామి మామ, పక్క ఊరే. ఆయన కూతురు అలమేలు నాకేనని నేను పుట్టక ముందే అనుకున్నారట. నేను పుట్టి పెద్దవాణ్నయ్యాక మామకు అనుమానం పట్టుకుంది. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని తాంబూలం నములుతూ నిదానంగా తేల్చేశాడు.

"ఇదో చూడప్పా గోపాలు. ఎద్దు మాట వినని చేతికి నా పిల్లని ఎట్ల ఇచ్చేది? పొల్లాచ్చి పక్క ఒక సంబంధం వచ్చుండాది. టెంకాయ తోపు ఉండాది. పిల్లోడు తానే బండి తోలుకోని వచ్చె."

"నేనూ తోలుతా మామా. ఈ ఏడు పందెంలో చూడండి, గెలిచి చూపిస్తా."

"గెలవమని ఎవురడిగిరి? రాయి దాకా పొయ్యి, దాన్ని చుట్టి, బండి మీదనే తిరిగి రా. అదే పోదుం, చాలు. వస్తే వైకాసి నెలలో ముహూర్తం. రాకపోతే పొల్లాచ్చి."

చూశారా ఎంత చిన్న కోరికో. వెళ్లి రమ్మన్నాడు, అంతే. బుద్ధి ఉన్నవాడైతే ఆ పూటే మారప్ప కాళ్ల దగ్గర కూర్చుని తోలడం నేర్చుకుని ఉండేవాడు. నాకు మాత్రం ఆ మాట అవమానంగా తోచింది. వెళ్లి రావడమేమిటి, ఏటా పందెంలో తోలే మామ బండి మీద దుమ్ము కొడుతూ గెలవాలి అనుకున్నాను. అలమేలు అంటే నాకు ప్రాణం. ఆమె టెంకాయల మధ్య కాపురం చేస్తుందనుకుంటే నాకు అన్నం దిగేది కాదు. మూడో వాయి తర్వాత దిగేది కాదు.

ఇక బండిని మార్చడం మొదలుపెట్టాను. కోయంబత్తూరులో ఒక దొరగారి గుర్రపు బండి విరిగిపోయి పడి ఉందని తెలిసి పరుగెత్తుకుపోయాను. దాని ఇనప ఇరుసు తెచ్చి నా బండికి బిగించాను. దాని కింద ఉండే ఇనప కమాన్లు, అవే, కుదుపు తగలకుండా దొరను ఊయలలా ఊపే వంపు పట్టీలు, అవి కూడా తెచ్చి వేయించాను. వడ్రంగి చేత చక్రాలు చెక్కించి చెక్కించి అప్పడాల్లా పలచన చేయించాను. ఆముదం పోసి పోసి ఇరుసును ఎంత నున్నగా చేశానంటే, గాలి వీస్తే బండి దానంతట అదే వాకిట్లోంచి వెళ్లిపోయేది. ఎద్దుల కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, నాకు కొత్త పట్టు తలపాగా. అన్నీ మార్చాను. మార్చనిది నన్ను ఒక్కణ్నే.

పాత ఎద్దులు ఈ బండి హోదాకు తగవని అవినాశి దగ్గర సంతకు బయలుదేరాను. మారప్ప తానూ వస్తానన్నాడు. ఎద్దులను ఎంచడం నాకు తెలియదా అని వాణ్ని ఇంటి దగ్గరే వదిలేశాను.

సంతలో ఒక జత కనబడింది. తెల్లటి ఒళ్లు, ఎత్తు మోపురాలు, కళ్లలో ఏదో వేదాంతం. అమ్మేవాడు వాటిని ఒక వాలు మీద బండికి కట్టి, నొగ మీద కూర్చున్నాడు. అవి దూసుకుపోయాయి. అలాంటి పరుగు నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కొంత దూరం పోయాక వాడు దిగి నిలబడ్డాడు. అంతే, ఆ జత తల కూడా తిప్పకుండా వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయలుదేరిన చోటికే వచ్చి నిలబడింది.

"ఎంత వినయం, చూశావా" అన్నాను పక్కనున్న ఎవరో పెద్దమనిషితో. "బండిని తిప్పే శ్రమ కూడా మనకు ఇవ్వడం లేదు."

ఆయన నా ముఖం కేసి ఒక్కసారి చూసి, "తంబీ, నీకు ఏ ఊరు?" అని అడిగాడు. చెప్పాను. "అక్కడ కపిల బావులు లేవా?" అన్నాడు. నాలుగు ఉన్నాయి మాకే అని గర్వంగా చెప్పాను. ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. నా ఆస్తి చూసి జంకాడనుకున్నాను.

నాలుగు బస్తాల పత్తి ఇచ్చి ఆ జతను ఇంటికి తోలుకొచ్చాను. మారప్ప వాటి మెడలు తడిమి చూశాడు.

"సామీ, ఇవి..."

"మాట్లాడకు. దిష్టి తగులుతుంది."

"దిష్టి గాదు సామీ, ఈ ఎద్దులు..."

"పందెం అయ్యాక చెప్పు మారప్పా."

"అప్పటికి ఊరే చెప్తాది సామీ" అని వాడు గడ్డి వేయడానికి వెళ్లిపోయాడు. పందెం దాకా ఆ జతను కొట్టంలోంచి బయటికి తీయనివ్వలేదు. వాటి వేగం ముందుగా ఎవరి కంట్లోనూ పడకూడదని నా ఎత్తు.

పందెం రోజు రానే వచ్చింది. ఊరంతా గీత దగ్గరే ఉంది. మొత్తం నాలుగు బళ్లు. మామ తన పాత కర్ర బండికి రోజూ దుక్కి దున్నే ముసలి ఎద్దులను కట్టుకుని వచ్చాడు. ఆ బండి కదిలితే వచ్చే చప్పుడుకు పిట్టలు లేచిపోయేవి. నా బండి చుట్టూ తిరిగి, వంగి కమాన్లు చూసి, లేచాడు.

"బండి బాగుండాది గోపాలు. తోలేది ఎవురు?"

"నేనే మామా."

"ఓ" అని ఆయన తన బండి ఎక్కాడు. ఆడవాళ్ల గుంపులో అలమేలు ఒక బండి నొగ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను కాదు, నా ఎద్దులను చూస్తోంది. అందాన్ని మెచ్చుకుంటోందనుకున్నాను.

డప్పు మోగింది. నేను కూర్చునే ఉన్నాను కాబట్టి నా జత దూసుకుపోయింది. నిజం చెబుతున్నాను, నలభై అడుగులు నేనే ముందు. చెవుల్లో గాలి హోరు, వెనక జనం కేకలు. మామ బండి చప్పుడు ఎక్కడో వెనకబడిపోయింది. అంత ఆనందం నా జన్మలో ఎరగను. ఆ ఆనందంలో, అలమేలుకు బాగా కనబడాలని, ఒక చేత్తో చర్నాకోల ఎత్తి, ఇంకో చేత్తో తలపాగా సర్దుకుంటూ లేచి నిలబడ్డాను.

ఎద్దులు ఆగాయి. ఆగి, ఎంతో మర్యాదగా వెనక్కి నడవడం మొదలుపెట్టాయి.

మామ బండి కిర్రుకిర్రుమంటూ నన్ను దాటింది. ఆయన పక్కకు తిరిగి అడిగాడు. "ఏమప్పా, ఇంట్లో ఏమన్నా మర్చిపోయినావా?"

బండి వెనక్కి వెనక్కి వచ్చి గీత దగ్గర నిలబడింది. పగ్గం సర్దుకోవడానికి కూలబడ్డాను. కూలబడగానే జత మళ్లీ బాణంలా దూసుకుపోయింది. 'హమ్మయ్య, దారికొచ్చాయి' అని సంతోషంగా లేచాను. మళ్లీ వెనక్కి. కోపం వచ్చి కూర్చున్నాను. ముందుకి. కొరడా ఝళిపించడానికి లేచాను. వెనక్కి. దానికి తోడు దొరగారి కమాన్లు నన్ను ఎగరేసి దింపుతున్నాయి. నేను లేవకపోయినా అవి లేపుతున్నాయి. పాపం ఆ మూగజీవాలు, ఒక్క ఊపిరిలో పది ఆజ్ఞలు అందుకుని, ముందు కాళ్లు ముందుకీ వెనక కాళ్లు వెనక్కీ వేయడానికి కూడా సిద్ధపడ్డాయి.

మారప్ప పక్కన పరుగెత్తుతూ అరుస్తున్నాడు. "ఉక్కారుంగ సామీ, కుచ్చోండి, కుచ్చోండి."

"భయపడకు మారప్పా, నేను పడను" అని ధైర్యం చెప్పాను నిలబడే.

"మీరు పడేదాని గురించి గాదు సామీ. కపిల ఎద్దులు ఇవి. మీరు కుచ్చుంటే మోకు మీద బరువు పడింది, బాన లాగాల అనుకుంటాయి. లేస్తే నీళ్లు కుమ్మరించేసినారు, వెనక్కి పోవాల అనుకుంటాయి."

కపిల సంగతి తెలియని పాఠకులకు ఒక మాట. బావి పక్కన ఏటవాలు బాట ఉంటుంది. ఎద్దులు వాలు దిగుతూ మోకు లాగితే తోలు బాన నీళ్లతో పైకి వస్తుంది. తోలేవాడు మోకు మీద కూర్చుని తన బరువు కూడా కలుపుతాడు. నీళ్లు కాలువలో పడగానే లేస్తాడు, ఎద్దులు వెనక్కి నడిచి వాలు ఎక్కుతాయి. మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. నాలుగు బావుల ఆసామిని, నాకు తెలియలేదు.

సరే, ఇక లేవకూడదని పళ్లు బిగించి కూర్చున్నాను. జత దూసుకుపోయింది. నలభై అడుగుల దగ్గర ఠక్కున ఆగింది. వాటికి తెలిసిన వాలు పొడుగు అంతే. అక్కడ నిలబడి, నేను లేస్తానేమోనని ఓపికగా చెవులు వెనక్కి పెట్టి కాచుకున్నాయి. ఎంత అదిలించినా కదలవు. లేస్తే వెనక్కి పోతాయి, లేవకపోతే అక్కడే నిలుస్తాయి. రాయి ఎక్కడో మైలు అవతల ఎండలో మెరుస్తోంది.

ఊరికి విషయం అర్థమైపోయింది. బావి దగ్గర బానలు లెక్కపెట్టినట్టు జనం లెక్క మొదలుపెట్టారు. "ఏడో బాన. ఎనిమిదో బాన." ఒక ముసలమ్మ ఖాళీ కుండ చంకన పెట్టుకుని బండి దగ్గరికి వచ్చి, "అబ్బయ్యా, అంత తోడ్తా ఉండావు, నా కుండకి రెండు చెంబులు పొయ్యి" అంది. మణియగారు, అంటే మా ఊరి పెద్ద, గొడుగు కింద కూర్చుని తీర్పరిగా ఉండవలసిన ఆయన, గొడుగు వదిలేసి కడుపు పట్టుకున్నాడు.

మామ రాయి చుట్టి తిరిగి వచ్చేశాడు, అందరికంటే ముందు. ఆ ముసలి ఎద్దులకు చెమట కూడా పట్టలేదు. నోట్లో తాంబూలం ఇంకా అయిపోలేదు. గీత దాటి బండి ఆపి, జనాన్ని అడిగాడు.

"ఎన్ని బానలయ్యె?"

"పదకొండు" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

మామ దిగి వచ్చి నా జత మెడలు తడిమాడు, కాళ్లు చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఈ మాదిరి జత కోసరం మూడు సంతలు తిరిగితిని గోపాలు. యాడ దొరికె? మా బావికి ఇచ్చేయి."

"ఎద్దుల్ని తీసుకోండి మామా" అన్నాను. "అలమేలు..."

ఆయన నవ్వు ఆపాడు. "మాట అంటే మాటే గదప్పా. రాయి దాకా పోలేదే నువ్వు."

అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఊరు నవ్వినందుకు కాదు. అంత చిన్న పని, వెళ్లి రావడం, అది కూడా చేతకాక ఆ పిల్లను పోగొట్టుకున్నానే అని. తల ఎత్తి చూస్తే అంతమందిలో నవ్వనిది అలమేలు ఒక్కతే. ఆమె వాళ్లమ్మ భుజం చాటు నుంచి మెల్లగా అంది.

"నాయనా, రాయి దాకా పొయ్యి రావాల అన్నావు. ఈ పొద్దే రావాల అని చెప్పినావా?"

మామ మణియగారి వైపు చూశాడు.

"చెప్పలేదు గదా రంగసామీ" అన్నాడు మణియగారు కళ్లు తుడుచుకుంటూ. "వైకాసి దాకా గడువు ఉండాది."

మర్నాటి నుంచి నా నివాసం మామ బావి దగ్గర. ఎద్దులు కపిలకు, నేను మోకు మీదకు. మజ్జిగ తాగడం తప్ప ఎరగనివాణ్ని నీళ్లు తోడాను. అరచేతులు పొక్కాయి, పొక్కులు చితికాయి, చితికినచోట తోలు గట్టిపడింది. పగ్గం అంటే లాగే తాడు కాదని, దాని రెండో కొసన ఒక ప్రాణి చెవి ఒగ్గి వింటోందని నాకు తెలియడానికి నెల పట్టింది. సాయంకాలాలు మారప్ప వచ్చి, అదే జతను నా బండికి కట్టించి, నలభై అడుగుల దగ్గర అవి ఆగితే వాటికి నచ్చజెప్పడం నేర్పాడు. మొదట నలభై ఒకటి. తర్వాత యాభై. అలమేలు మజ్జిగ తెచ్చేది. ఇచ్చి వెళ్లిపోయేది. ఒకసారి మాత్రం, "బావా, నిన్నటికంటే రెండు అడుగులు ఎక్కువ పోతివి" అంది. ఆ రెండు అడుగులు నాకు కాశీ యాత్రలా అనిపించాయి.

వైకాసికి పది రోజుల ముందు, కమాన్లు పీకేసి, పట్టు తలపాగా ఇంట్లో పడేసి, ఆ జతతోనే రాయి దాకా వెళ్లాను. చుట్టాను. తిరిగి వచ్చాను. ఎంత నిదానంగా వచ్చానంటే మామ పక్కనే నడుస్తూ వచ్చి, దారిలో ఇద్దరితో నిలబడి పంట సంగతులు కూడా మాట్లాడాడు. గీత దాటాక నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కటే అన్నాడు. "ఇప్పుడు ఎద్దుకి తెలుస్తా ఉండాది, నువ్వు ఏం చెప్తా ఉండావో."

పెళ్లి అయిపోయింది. కథ ఇక్కడ ముగించి ఉంటే నా పరువు కొంచెమైనా మిగిలేది.

పిల్లను మా ఇంటికి తీసుకెళ్లే వేళయింది. బండి తానే తోలే పెళ్లికొడుకు ఎక్కడా ఉండడు. అయినా నేను పట్టుబట్టాను. ఆ జతే కావాలన్నాను. నా విద్య ఊరంతా చూడవద్దూ? వెనక అలమేలు, ముందు నేను, చుట్టూ బంధువులు. పగ్గం ఊపగానే ఎద్దులు హుందాగా కదిలాయి. అత్త కళ్లొత్తుకుంటోంది. మామ గుమ్మంలో నిలబడి, కండువా కొస నోటికి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. అంతటి మనిషి కళ్లు తడిసి ఉండటం చూసి నా గుండె కరిగిపోయింది. ఆయన తన బావి దగ్గర నాకు చోటిచ్చాడు, పిల్లను ఇచ్చాడు. అలాంటి పెద్దమనిషికి కూర్చుని నమస్కారం పెట్టడమా?

భక్తిగా లేచి, వెనక్కి తిరిగి, రెండు చేతులూ జోడించాను.

ఎద్దులు ఆగాయి. బండి వెనక్కి నడిచింది. బంధువులు చెల్లాచెదురయ్యారు. మేళగాడు డోలుతో సహా అరుగెక్కాడు. బండి తిన్నగా మామ గుమ్మం దగ్గరికి వెళ్లి, అలమేలును ఆయన ముందు దింపబోతున్నట్టు ఆగింది. నేను ఇంకా చేతులు జోడించే ఉన్నాను.

మామ కండువా తీసి, కూతుర్ని చూసి, నన్ను చూసి, ఊరందరికీ వినబడేలా అడిగాడు.

"ఏమప్పా అల్లుడా, అప్పుడే తెచ్చి అప్పజెప్తా ఉండావే. పిల్ల నచ్చలేదా?"

అలమేలు నా పంచె చెంగు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. కూర్చున్నాను. ఎద్దులు దూసుకుపోయాయి. మా కాపురం ఆ విధంగా మొదలైంది.

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా నేను చేసిన ప్రమాణం ఇది. ఈ దేహంలో ఊపిరి ఉన్నంత వరకు, ఎదురుగా కలెక్టరు దొర వచ్చినా, కులగురువు వచ్చినా, సాక్షాత్తూ ఆ అవినాశి ఈశ్వరుడే తేరు దిగి వచ్చినా, బండి మీద ఉండగా నేను లేవను. పొగరుబోతు అనుకునేవాళ్లు అనుకోండి. పెళ్లాన్ని రెండోసారి మామ గుమ్మంలో అప్పజెప్పడం కంటే అదే నయం.